గుర్రపువాతమును కనిపెట్టుట

ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియైన పిదప తణుకు చుట్టుపట్ల కాలువలు పారినవి, పంటలు పెరిగినవి, ఊరినుండి ఊరికి పడవలు నడచినవి. అయినను పురిటినొప్పులు వచ్చిన స్త్రీకి దిక్కు మంత్రసానియే. కొల్లేటి లంకలలో వానకాలమున దోనె తప్ప దారి లేదు. ఆ రోజులలో పల్లెవారు మిక్కిలి భయపడిన ఆపద యొకటి కలదు. నిండుచూలాలు తలనొప్పి యనును. కన్నులు మసకలు క్రమ్ముచున్నవనును. అంతలో పండ్లు కరచుకొని, కాలుసేతులు కొట్టుకొని, స్పృహ తప్పును. దీనినే గుర్రపువాతమనిరి. గాలి సోకినదని భూతవైద్యుని పిలిచినవారును కలరు.

మూర్ఛను చూచి రోగమునకు పేరు పెట్టుట మన పల్లెలయందే జరుగలేదు. పాశ్చాత్యులు వాడు ఎక్లాంప్సియా అను మాటకు మూలమైన గ్రీకు పదమునకు తటాలున మెరయుట యని అర్థము. మెరుపు అందరికిని కనిపించినది. దానికి ముందు పట్టిన మబ్బు ఎవరికిని కనిపించలేదు.

ఆ మబ్బును మొదట చూచినది లండను నగరమందలి గైస్ ఆసుపత్రిలో జాన్ లీవర్ అను వైద్యుడు. 1843లో ఆయన, మూర్ఛలు వచ్చిన స్త్రీల మూత్రమును వేడిచేసి చూచెను. కోడిగ్రుడ్డు తెల్లసొన వేడికి గట్టిపడినట్లు అందులో తెల్లని పదార్థము పేరుకొనెను. అదియే ఆల్బుమిన్. ఆ ఆసుపత్రియందే రిచర్డ్ బ్రైట్ మూత్రపిండముల రోగులలో దీనిని అంతకుముందే గుర్తించి యుండెను. కాని ఈ స్త్రీలకు కాన్పు కాగానే అది తగ్గిపోవుట లీవర్ గమనించెను. పిమ్మట 1896లో ఇటలీ దేశీయుడు రివా రోచీ చేతికి చుట్టు పట్టీని, 1905లో రష్యా వైద్యుడు కొరొట్కాఫ్ స్టెతస్కోపుతో నాడిచప్పుడు వినుపద్ధతిని తెచ్చిరి. రక్తపుపోటు అంకెలకెక్కినది. గర్భము ఇరువది వారములు దాటిన పిమ్మట 140/90 అంకెను చేరిన పోటు, దానితో మూత్రమున ఆల్బుమిన్: ఇవి కనిపించినచో మూర్ఛకు ముందే మేల్కొనవచ్చును.

చికిత్స మాత్రము చాలకాలము క్రూరముగనే యుండెను. నెత్తురు తీయుట, బలవంతముగా కాన్పు చేయుట అప్పటి వాడుక. పందొమ్మిదవ శతాబ్దాంతమున రష్యాలో స్ట్రోగనోవ్ అను వైద్యుడు వేరు దారి పట్టెను. రోగిని వెలుతురు తక్కువగు గదిలో, చప్పుడు లేకుండ పరుండబెట్టి, మత్తుమందులతో మూర్ఛలను అణచి, ప్రక్కన మనిషిని కావలి యుంచెను. నర్సు కావలియే వైద్యములో భాగమైనది. ఆ చీకటికి నేడు ప్రాధాన్యము తగ్గినది. రోగి ముఖమును, శ్వాసను కనిపెట్టుటకు వెలుతురు కావలెను గదా! నిశ్శబ్దము మాత్రము నిలిచినది.

1953 అక్టోబరు వరకు మనకును మద్రాసే రాజధాని. 1844లో అచట ప్రసూతి వైద్యశాల పుట్టినది. మద్రాసు వైద్యుడు కృష్ణ మేనోన్ గారు మూడు మందులు కలిపి రోగిని గాఢమైన మగతలో నుంచు పద్ధతిని సాధన చేసి, 1961లో ప్రకటించిరి. దక్షిణదేశమున ఎందరో తల్లులు దాని వలన బ్రదికిరి. అయితే మగతలోనున్న రోగికి రాత్రింబగళ్ళు కాపలా కావలెను. అంతమంది నర్సులు మన తాలూకా ఆసుపత్రులలో ఎచట నుండిరి?

చివరకు నెగ్గినది మెగ్నీషియమ్ సల్ఫేటు, అనగా మన ఇండ్లలోని భేదిఉప్పు జాతిదే; సూదిమందుగా శుద్ధిచేసినది. 1995లో వెలువడిన అంతర్జాతీయ పరిశోధన, మూర్ఛ మరల రాకుండుటకు తక్కిన మందులకంటె ఇది మేలని తేల్చెను. 2002లో 33 దేశములలో పదివేలకు పైగా స్త్రీలను పరీక్షించగా, మూర్ఛ వచ్చు ప్రమాదము సగమునకు మించి తగ్గినది. మన ఉపకేంద్రపు ఏ.ఎన్.ఎం. కూడ మొదటి మోతాదిచ్చి రోగిని పెద్దాసుపత్రికి పంపుటకు అనుమతి కలదు. లంకలకు ఇంతకంటె ఉపకారమేమున్నది?

కాని ఈ మందు అజాగ్రత్తను సహింపదు. ప్రతి మోతాదునకు ముందు నర్సు మోకాలిచిప్ప క్రింద తట్టి కాలు ఎగురుచున్నదో లేదో చూడవలెను. శ్వాస నిమిషమునకు పదునారుకు తగ్గరాదు. మూత్రము గంటకు ముప్పది మిల్లీలీటర్లైనను రావలెను. ఇవి తప్పినచో మందాపి, విరుగుడుగా కాల్షియమ్ గ్లూకొనేట్ సిద్ధముగ నుంచవలెను. మూర్ఛ వచ్చినపుడు రోగిని ప్రక్కకు త్రిప్పి, నోటిలోని నురగ తుడిచి, మంచముపైనుండి పడకుండ కాచుట మొదటి పని. పండ్లనడుమ బలవంతముగా చెంచాలు దూర్చుట కీడు.

ఇండ్లలోని నమ్మకము లింకను రెండున్నవి. కాళ్ళు పొంగుట చూలాలికి సహజమేయని యొకటి. కొంతవరకది నిజమే, కాని ముఖము, చేతులు ఉబ్బినపుడు పట్టీ చుట్టి చూచువరకు నెవరును నిశ్చయింప జాలరు. ఉప్పు మానిన చాలునని రెండవది. చప్పిడిపథ్యము ఈ రోగమును ఆపదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లోనే చెప్పినది.

మా మనస్సులో నిలిచిన చిక్కు మరియొకటి కలదు. తొలికాన్పునకు అమ్మాయి పుట్టింటికి వచ్చుట మన ఆచారము. ఈ రోగము ఎక్కువగ పట్టునదియు తొలిచూలునకే. మెట్టినింట ఆరునెలలు పోటు చూచిన నర్సు వేరు, పుట్టింట చూచు నర్సు వేరు. చీరెలు, పసుపుకుంకుమలు, చలిమిడి వచ్చినవి గాని, పోటు అంకెలు వ్రాసిన కార్డు అత్తవారింట బీరువాలోనే యుండిపోవును. తొలినెలలలో 100/60 ఉన్న పిల్లకు నేడు 136/86 అన్న అంకె ఏమి చెప్పుచున్నదో, పాత అంకె తెలియని నర్సు ఎట్లు గ్రహింపగలదు? బాలింతరాలికి సైతము, కాన్పైన కొలది దినములలో మూర్ఛ రావచ్చును. ఆ కార్డు పురిటిమంచము దగ్గరనే యుండవలెను.