పండిత రమాబాయి: మతం మారింది, ప్రశ్నించడం మానలేదు

ఈరోజు మన ఎపిసోడ్ పండిత రమాబాయి గురించి. టెక్స్ట్‌బుక్‌లో ఈమెకి దక్కేది మహా అయితే రెండు లైన్లు. సంఘ సంస్కర్త, శారదా సదన్ స్థాపకురాలు. బిట్ క్వశ్చన్‌కి అది చాలు. కానీ మనిషిని అర్థం చేసుకోవాలంటే ఆ ఇంటి కథ తెలియాలి.

వాళ్ళ నాన్న అనంతశాస్త్రి డోంగ్రే సంస్కృత పండితుడు. ఆడవాళ్ళకి సంస్కృతం కూడదనే రోజుల్లో భార్య లక్ష్మీబాయికి నేర్పాడు. సాటి పండితులు ఊరుకోలేదు. దాంతో కాపురం ఇప్పటి కర్ణాటకలోని గంగమూల అడవికి మార్చాడు గానీ పాఠం ఆపలేదు. 1858లో రమాబాయి పుట్టింది అక్కడే. ఆమెకి చదువు చెప్పింది అమ్మే.

ఆ కుటుంబం క్షేత్రాలు తిరుగుతూ పురాణాలు చెప్పుకుని బతికేది. 1870లలో కరువొచ్చింది. అమ్మ, నాన్న, అక్క పోయారు. మిగిలిన అన్నాచెల్లెళ్ళు నడుచుకుంటూ దేశం తిరిగి 1878లో కలకత్తా చేరారు. అక్కడి విద్వాంసులు ఆమెని పరీక్షించి 'పండిత', 'సరస్వతి' బిరుదులిచ్చారు. అప్పటికి ఆమె వయసు 20.

1880లో అన్న శ్రీనివాస్ కూడా పోయాడు. అదే ఏడాది వేరే కులానికి చెందిన బెంగాలీ లాయరు బిపిన్ బిహారీని పెళ్ళి చేసుకుంది. మనోరమ పుట్టింది. 1882లో కలరా భర్తని తీసుకెళ్ళింది. చంటిబిడ్డతో 23 ఏళ్ళ వితంతువు. మన రాజమండ్రిలో వీరేశలింగం గారు తొలి వితంతు వివాహం జరిపించింది అంతకు ముందు ఏడాదే. కాలం ఎలాంటిదో ఊహించుకోండి.

1883లో ఇంగ్లండ్ వెళ్ళింది. కూతురితో కలిసి బాప్తిస్మం తీసుకుంది. ఇక్కడ చాలామంది మండిపడ్డారు. సరే, మరి చర్చి చెప్పినదానికల్లా తలూపిందా? లేదు. త్రిత్వ సిద్ధాంతం దగ్గరే అడ్డంగా ప్రశ్నలు వేసింది. తనని చేరదీసిన సన్యాసినులతోనే ఉత్తరాల్లో గట్టిగా వాదించింది. ఏసుని నమ్మింది, కానీ ఆలోచించే పని ఇంకొకరికి అప్పజెప్పలేదు.

1889లో బొంబాయిలో వితంతువుల కోసం శారదా సదన్ తెరిచింది. తర్వాత అది పుణేకి మారింది. అక్కడి అమ్మాయిలు క్రైస్తవం వైపు మొగ్గుతున్నారని గొడవ లేచింది. తిలక్ పత్రిక 'కేసరి' దుమ్మెత్తిపోసింది. చాలా కుటుంబాలు పిల్లల్ని వెనక్కి తీసుకెళ్ళాయి. మత బోధన ఉండదన్న నమ్మకంతో పంపినవాళ్ళ కోపాన్ని కూడా మనం అర్థం చేసుకోవాలి.

1896-97లో మధ్య భారతంలో కరువు. ఆకలికి ఇంటివాళ్ళని పోగొట్టుకున్న మనిషి కదా, ఆగలేకపోయింది. స్వయంగా వెళ్ళి వందలాది అమ్మాయిల్ని పుణే దగ్గర కేడ్గావ్‌కి తెచ్చింది. అదే ముక్తి సదన్. అక్కడ చదువు, చేతిపని, ప్రెస్ అన్నీ నడిచాయి. ఆమె హీబ్రూ, గ్రీకు నేర్చుకుని మరాఠీలోకి బైబిల్ అనువదించింది. కుడిభుజంలా ఉన్న మనోరమ 1921లో చనిపోయింది. ఏడాది తిరక్కుండానే, 1922 ఏప్రిల్ 5న, రమాబాయి కన్నుమూసింది.

ఈమెని సంస్కర్తగా పొగిడేవాళ్ళు విశ్వాసం సంగతి దాటేస్తారు. భక్తురాలిగా తలుచుకునేవాళ్ళు ఆ ప్రశ్నలు దాటేస్తారు. కానీ అడవిలో తండ్రి నిలబెట్టిన చదువే చర్చి ముందు కూతురి చేత నోరు విప్పించింది. ఈ రెండిట్లో ఏది తీసేసినా ఆమె మనకి సగమే మిగులుతుంది.

మీ ఇంట్లో మొదట చదువుకున్న ఆడమనిషి ఎవరు? ఇవాళ పెద్దవాళ్ళని అడిగి చూడండి. మళ్ళీ కలుద్దాం.