కరెంటెక్కిన లికెంబే

లికెంబే రెండు అరచేతుల్లో ఇమిడే వాద్యం. బోలు చెక్కపెట్టె, దాని మీద వరసగా బిగించిన ఇనుప పుల్లలు, అంతే. పుల్లల కొసల్ని రెండు బొటనవేళ్ళతో నొక్కి వదిలితే స్వరం పలుకుతుంది. పుల్లను కాస్త ముందుకో వెనక్కో జరిపితే శ్రుతి మారుతుంది. దాని గొంతు చుట్టూ కూర్చున్న నలుగురికి వినిపించేంత. పొలం నుంచి ఇంటికి నడిచేటప్పుడు, రాత్రి నెగడు దగ్గర కూర్చున్నప్పుడు వాయించుకోవడానికి ఆ గొంతు చాలు. కాంగో రాజధాని కిన్షాసా నగరంలో మాత్రం చాలలేదు. మోటారు బళ్ళ తుక్కులోంచి ఏరిన అయస్కాంతాలు, రాగి తీగ, పాతకాలపు రేకు బూర స్పీకర్లు కలిపి లికెంబేకు వీధంతా దద్దరిల్లే గొంతు తెచ్చినవాడు మావంగు మింగియెడి. ఎలక్ట్రానిక్ సంగీత చరిత్ర రాసేవాళ్ళు సాధారణంగా యూరప్, అమెరికా ప్రయోగశాలల దగ్గర మొదలుపెడతారు. ఈయన దగ్గర కూడా ఒక అధ్యాయం మొదలుకావాలి.

ఇనుప పుల్లల వాద్యాలు ఆఫ్రికాలో చాలా పాతవి. 1586లో ఆగ్నేయ ఆఫ్రికా తీరంలో ఉన్న పోర్చుగీసు మతబోధకుడు జువావ్ దూస్ సాంతూస్ తొమ్మిది ఇనుప పుల్లల వాద్యాన్ని చూశాడు. 1609లో అచ్చయిన తన పుస్తకంలో దాన్ని వర్ణించాడు. ప్రాంతాన్ని బట్టి ఈ వాద్య కుటుంబానికి చాలా పేర్లున్నాయి: జింబాబ్వేలో ఎంబీరా, మరికొన్ని చోట్ల సాన్జా, కాంగో నది ప్రాంతంలో లికెంబే. ఆఫ్రికా సంగీతాన్ని దశాబ్దాల పాటు పరిశోధించిన ఆస్ట్రియా పండితుడు గెర్హార్డ్ కూబిక్ చెప్పేదాన్ని బట్టి, లికెంబే కాంగో దిగువ ప్రాంతం నుంచి 19వ శతాబ్దం చివర్లో కూలీల చేతుల్లో, బరువులు మోసేవాళ్ళ చేతుల్లో నది ఎగువకు పాకింది. వలస పాలకుల పనులకు తరలిన మనుషులతో పాటు వాద్యమూ తరలింది. అంటే ఈ వాద్యం మొదటినుంచీ వలస కూలీకి తోడుగా ఉన్నదే. 1950లలో కిన్షాసాకు నది ఆవలి ఒడ్డున ఉన్న బ్రాజావిల్‌లో ఆంట్వాన్ మూండాండా లికెంబేతో పాడి రికార్డులిచ్చి పేరు తెచ్చుకున్నాడు. నగరం ఈ వాద్యాన్ని అప్పటికే తనదిగా చేసుకుంటోంది.

తర్వాతి కథంతా ఆధారపడిన సంగతి మరొకటి ఉంది. ఈ కుటుంబపు వాద్యాలను కట్టేవాళ్ళు శుద్ధ స్వరంతో తృప్తిపడరు. పుల్లల మొదట్లో సన్నని తీగ చుట్టలు వదులుగా తొడుగుతారు, కొన్నిచోట్ల గవ్వలో రేకు ముక్కలో తగిలిస్తారు. పుల్ల పలికినప్పుడు అవి కూడా అదిరి స్వరం చుట్టూ ఒక రొద లేస్తుంది. మన తంబురా గుర్రం మీద తీగ కింద నూలుపోగు సర్ది జీవాళి పట్టే కచేరీ విద్వాంసులకు ఇది వెంటనే అర్థమవుతుంది. రొద లేని స్వరం లికెంబే వాయించేవాళ్ళ చెవికి చప్పగా తోస్తుంది.

మింగియెడి 1930 ప్రాంతంలో పుట్టాడు. ఆయన జోంబో జాతివాడు. ఆ జాతి జనం అంగోలా, కాంగో సరిహద్దుకు రెండు వైపులా ఉంటారు. వాళ్ళకు మాసికులు అనే బూరల సంగీతం ఉంది. ఏనుగు దంతంతో చేసిన ఒక్కో బూర కొద్ది స్వరాలే పలుకుతుంది. ఒకరు ఊది ఆపిన చోట ఇంకొకరు అందుకుంటారు. అలా పదిమంది ఊపిరి కలిసి ఒకే పాట అవుతుంది, గంటల తరబడి సాగుతుంది, వినేవాళ్ళకు పూనకం తెప్పిస్తుంది. కిన్షాసా చేరి లారీ డ్రైవరుగా బతికిన మింగియెడి ఆ బూరల సంగీతాన్ని లికెంబేల మీదికి దించాడు. ఒక బృందం పని బొటనవేళ్ళకు అప్పజెప్పడమే పెద్ద సాహసం. కరెంటు సంగతి ఆ తర్వాతిది.

అప్పటి నగరాన్ని ఊహించుకోవాలి. 1960లో స్వాతంత్ర్యం వచ్చేనాటికి అక్కడ జనాభా సుమారు 4 లక్షలు. పదేళ్ళలో 10 లక్షలు దాటింది. పల్లెల నుంచి జనం వచ్చి పడుతున్నారు. బార్లలో రుంబా మోగుతోంది. గిటారిస్టు ఫ్రాంకో, ఆయన ఓకే జాజ్ బృందం ఎలక్ట్రిక్ గిటార్లతో ఊరిని ఏలుతున్నారు. చావింట రాత్రి జాగారానికి, పెళ్ళికి, ఊరివాళ్ళు కూడిన చోటికి పల్లె పాట కావాలి. కానీ లారీల మోతలో, పక్క బారులోని గిటార్ల హోరులో లికెంబే ఎవరికి వినిపిస్తుంది?

1960లలో మింగియెడి నెలకొల్పిన కొనొనో నంబర్ 1 బృందం ఈ చిక్కును సొంత చేతులతో విప్పుకుంది. ఎలక్ట్రిక్ గిటార్ పికప్‌లో ఉండే సూత్రమే ఇక్కడా పనిచేస్తుంది. అయస్కాంతానికి సన్నని రాగి తీగ చుట్టి, దాని దగ్గర ఇనుప పుల్లను అదిరిస్తే తీగలో కరెంటు పుడుతుంది. అదిరే వేగాన్ని బట్టే ఆ కరెంటూ ఊగుతుంది, ఆంప్లిఫైయరు దాన్ని పెంచి స్పీకరుకు ఇస్తుంది. తేడా ఏమిటంటే ఇక్కడ పికప్‌ను ఏ కంపెనీ అమ్మలేదు. పాత బళ్ళలోని అయస్కాంతాలు పీకి, రాగి తీగ చేత్తో చుట్టి, ఒక్కో లికెంబేకు సరిపడేలా చేసుకున్నారు. మంద్రానికి ఒకటి, మధ్యస్థాయికి ఒకటి, తారానికి ఒకటి, మొత్తం మూడు లికెంబేలు. పాడేవాళ్ళ మైకులనూ చెక్క చెక్కి, అయస్కాంతం బిగించి తయారుచేసుకున్నారు. డోళ్ళతో పాటు గిన్నెలు, మూకుళ్ళు, బండి విడిభాగాలు తాళానికి వాడారు. బెల్జియం పాలన నాటి మైకుసెట్ల రేకు బూరలను స్పీకర్లుగా ఎక్కించారు. వాటిని స్థానికంగా ఫ్రెంచిలో ‘లాన్స్-వువా’ అంటారు, గొంతును విసిరేవి అన్నమాట. ప్రపంచానికి రాగి తవ్విపోసే దేశంలో ఒక డ్రైవరు తన వాద్యానికి కావలసిన రాగి తీగను తుక్కులో ఏరుకోవాల్సి వచ్చింది. నాకు ఈ సంగతి బాధ కలిగిస్తుంది.

ఆ యంత్రాలు స్వరాన్ని శుభ్రంగా పెంచలేదు. గరగరలాడించాయి, చీల్చాయి, అంచులు కాల్చాయి. బృందం కోరుకున్నది గట్టిదనం మాత్రమే, ఈ గరగర కాదు. పాశ్చాత్య పత్రికలు ఇక్కడే ఆగి, దీన్ని తెలియక జరిగిన అద్భుతంగా రాశాయి. ఆ మాటతో నేను ఏకీభవించను. గరగర అనుకోకుండా వచ్చి ఉండవచ్చు. దాన్ని ఉంచుకోవాలన్న నిర్ణయం మాత్రం అనుకోకుండా వచ్చింది కాదు. తరతరాలుగా పుల్లలకు తీగ చుట్టలు తొడిగి రొదను కోరి తెచ్చుకున్న చెవి అది. ఆంప్లిఫైయరు చేసిన రొదలో ఆ చెవి తన పాత రుచిని గుర్తుపట్టింది. పాట కట్టుబడిని దానికి తగ్గట్టు మలచుకుంది. ఒక వరసను పదే పదే తిప్పుతూ, తాళాన్ని బిగిస్తూ పోతే ఆ చీలిన స్వరాల్లోంచి ఎవరూ మీటని రాగాలు వినబడడం మొదలవుతుంది. మాసికులు బూరలు చేసిన పనీ అదే.

ఈ సంగీతం 1978లో మొదటిసారి టేపుకెక్కింది. ఫ్రాన్సుకు చెందిన ఓకోరా సంస్థ 1980లలో దాన్ని కిన్షాసా నగర సంగీతాల సంకలనంలో విడుదల చేసింది. అప్పటికి కాంగో దేశం పేరు జైర్. ఆ రికార్డింగు బెల్జియం సంగీతకారుడు విన్సెంట్ కెనిస్ చెవిన పడింది. ఆయన ఆ బృందం కోసం ఏళ్ళ తరబడి వెతికి, చివరికి 2000 తర్వాత లాప్‌టాప్‌తో కిన్షాసాలో వాళ్ళ పాటలు రికార్డు చేశాడు. 2004లో క్రామ్డ్ డిస్క్స్ సంస్థ ‘కాంగోట్రానిక్స్’ పేరుతో ఆ ఆల్బం తెచ్చింది. స్టూడియో మెరుగులు దిద్దలేదు. గరగర గరగరగానే ఉంది. కెనిస్ చేసిన మేలు అదే అని నా అభిప్రాయం.

తర్వాత పేరు వేగంగా వచ్చింది. 2007లో గాయని బ్యోర్క్ ‘ఎర్త్ ఇంట్రూడర్స్’ పాటలో వీళ్ళ లికెంబేలు మోగాయి. 2010లో జాజ్ పియానిస్టు హెర్బీ హాన్‌కాక్ చేసిన ‘ఇమాజిన్’లోనూ వాయించారు, ఆ పాటకు గ్రామీ దక్కింది. టెక్నో సంగీతానికి అలవాటుపడిన యూరప్ కుర్రకారు వీళ్ళ కచేరీల్లో ఊగిపోయారు. ‘కాంగోట్రానిక్స్’ రెండో సంపుటం కిన్షాసాలోని ఇతర బృందాలను కూడా వెలుగులోకి తెచ్చింది. వాటిలో నాకు ముఖ్యంగా తోచేది కసాయ్ ఆల్‌స్టార్స్. కసాయ్ ప్రాంతపు వేర్వేరు జాతుల కళాకారులు పాతికమంది దాకా ఒక్కచోట చేరిన బృందం అది. వేర్వేరు భాషల, వేర్వేరు శ్రుతుల వాద్యాలను గరగరలాడే గిటార్ల పక్కన నిలబెట్టారు. 2017లో బెర్లిన్ ఉత్సవంలో జ్యూరీ గ్రాండ్ ప్రీ గెలిచిన అలాన్ గోమిస్ చిత్రం ‘ఫెలిసితే’లో కనిపించే, వినిపించే బృందం వాళ్ళదే.

సొంత చేతులతో వాద్యం కట్టుకునే అలవాటు కిన్షాసాలో అక్కడితో ఆగలేదు. స్టాఫ్ బెండా బిలిలి బృందంలో రోజర్ లాండు అనే కుర్రాడు డబ్బా, వంచిన కర్ర, ఒకే ఒక్క తీగతో చేసిన సతోంగే మీద గిటారు కంటే సన్నని గమకాలు పలికించాడు. కొకొకొ!, ఫులు మిజికి అనే బృందాలు డబ్బాలతో, పైపులతో, పారేసిన యంత్రాలతో వాద్యాలు చేసుకుని ఇప్పుడు ప్రపంచమంతా తిరుగుతున్నాయి. వీళ్ళందరినీ ‘చెత్తతో సంగీతం’ అని పరిచయం చేయడం పత్రికలకు పరిపాటి అయింది. తుక్కు అనేది ముడిసరుకు పేరు. ఆ ముడిసరుకు నుంచి మూడు స్థాయిల పికప్‌లు చుట్టి, శ్రుతి కలిపి, బృందం మొత్తానికి ఒక నాదం కుదర్చడం వాద్య నిర్మాణ శాస్త్రం. గిటార్ పికప్ చేసినవాళ్ళను ఆవిష్కర్తలన్న చేత్తోనే మింగియెడిని కూడా ఆవిష్కర్త అని రాయాలి.

మింగియెడి 2015లో కన్నుమూశాడు. అప్పటికే ఆయన కొడుకు ఆగస్టిన్ లికెంబే అందుకుని బృందాన్ని నడుపుతున్నాడు. 2016లో వాళ్ళు అంగోలా మూలాలున్న లిస్బన్ కళాకారుడు బతీదాతో కలిసి ఆల్బం చేశారు. వినాలనుకునేవాళ్ళు ముందుగా 2004 నాటి ‘కాంగోట్రానిక్స్’లో ‘లుఫువాలా న్దోంగా’, ‘మాసికులు’ వినండి. ఫోను స్పీకరులో మంద్రపు లికెంబే వినపడదు. కాస్త పెద్ద స్పీకర్లు దొరికినప్పుడు, శబ్దం పెంచి, పాటను మధ్యలో ఆపకుండా వినండి.