డబ్బిచ్చి గార పెట్టించుకుంటామా?

మా అచ్చంపేట పెద్దవాళ్ళ నోళ్ళలో చిన్నప్పుడు నేను చూసినవి రెండే: దవడ పంట్లో నల్లబడ్డ వెండి, ముందు పంటికి బంగారు తొడుగు. రెండోది నలుగురికీ కనపడాలనే వేయించుకునేవాళ్ళు. పిప్పి ముదిరితే గుంటూరు బస్సెక్కి పీకించుకోవడమే.

వెండి అంటాం గానీ అందులో దాదాపు సగం పాదరసం. అది పంటికి అతుక్కోదు. ఊడిరాకుండా గుంటను పైన ఇరుకుగా, లోపల వెడల్పుగా తవ్వాలి. పుచ్చు ఆవగింజంతే ఉన్నా మంచి పన్ను కొంత పోవాల్సిందే. అమెరికా డాక్టర్ జి.వి. బ్లాక్ నాటి ఈ పద్ధతినే హైదరాబాద్ అఫ్జల్‌గంజ్ డెంటల్ కాలేజీలో మేమూ నేర్చుకున్నాం. ముందు పళ్ళకు సిలికేట్ సిమెంటు ఉండేది. పెట్టిన రోజు బాగానే కనిపించేది. తర్వాత ఉమ్మికి కరుగుతూ, అంచులు రంగు మారేవి. తాంబూలం వేసేవాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు.

1955లో రోచెస్టర్‌లో మైకేల్ బ్యూనోకోర్ ఒక పని చేశాడు. రంగు గట్టిగా పట్టాలని లోహాన్ని ఫాస్ఫారిక్ యాసిడ్‌తో కడుగుతారు కదా, ఆ యాసిడ్‌నే ఎనామిల్ మీద అర నిమిషం ఉంచాడు. పైపొర గరుకై ఆక్రిలిక్ పట్టుకుంది. 1962లో రాఫెల్ బోవెన్ కొత్త రెజిన్‌కు పేటెంటు పొందాడు. దాంట్లో సిలికా పొడి కలిపితే నేటి కాంపోజిట్. నీలం లైటుతో గట్టిపరచడం 1970ల చివర్లో వచ్చింది. ఇదంతా అందం కోసమని జనం అనుకుంటారు. పుచ్చినంత మేరే తీసి తక్కిన పన్ను వదిలేయగలగడం, నా లెక్కలో, అంతకన్నా పెద్ద సంగతి.

అయితే ఆ యాసిడ్‌కు మన వైపు పళ్ళు అంత తేలిగ్గా లొంగవు. అప్పటి నెల్లూరు జిల్లా దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాల్లో ఫ్లోరైడ్ జబ్బు గురించి వైద్యులు 1937లోనే రాశారు. ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పెరిగిన పంటి మీద యాసిడ్ ఇంకాసేపు ఉంచాలి. రంగు కలపడం మరీ తలనొప్పి. షేడ్ గైడ్‌లోని 16 రంగుల్లో ఏదీ ఆ పళ్ళ మీది గోధుమ చారలకు, సున్నపు మచ్చలకు సరిపోదు. మచ్చలేని ఫిల్లింగే అక్కడ అతుకులా కనిపిస్తుంది. అందుకని పక్క పంటి చారను చూసి, కాస్త గోధుమరంగు టింట్‌తో ఫిల్లింగ్ మీదా గీస్తాను. పెళ్ళిచూపుల ముందు కూతుర్ని తీసుకొచ్చే తల్లులకు ఇది మింగుడుపడదు. "డాక్టరమ్మా, డబ్బిచ్చి గార పెట్టించుకుంటామా?" అంటారు.