పానగల్ పార్కు చుట్టూ: జీతం, పారితోషికం, ఉద్యోగం

‘ఉద్యోగం’ అనే మాటకు సంస్కృతంలో పూనిక, ప్రయత్నం అని అర్థం. మహాభారతంలో ఉద్యోగపర్వం ఉన్నా అందులో ఎవరికీ కొలువు దొరకదు. తెలుగులో ఆ మాట నెలకింత అని ముట్టే కొలువుగా స్థిరపడింది. ‘జీతం’ అనే మాట ‘జీవితం’ నుంచి వచ్చిందని నిఘంటుకారులు చెబుతారు. అంటే బతకడానికి ఇచ్చేది. ‘పారితోషికం’ దారి వేరు. అది పరితోషం వల్ల ఇచ్చేది. ఆ పరితోషం పుచ్చుకునేవాడిది కాదు, ఇచ్చేవాడిది. నచ్చిన పని కావాలి, దానితో కడుపూ నిండాలి అనుకున్న తెలుగు యువతీయువకులు ఇరవయ్యో శతాబ్ది మధ్యభాగంలో మద్రాసు చేరినప్పుడు వాళ్లకు ఎదురైన చిక్కంతా ఈ మూడు మాటల మధ్యే ఉందని మాకు తోస్తోంది. కళా, కాసులా అని సాధారణంగా అడిగే ప్రశ్న కన్నా, కాసులు ఏ పద్ధతిలో వచ్చాయన్న ప్రశ్న ఎక్కువ సంగతులు చెబుతుంది.

ఆ చరిత్రకు టి. నగర్ తగిన చోటు. మాంబళం చెరువును పూడ్చి 1920లలో కట్టిన ఈ పేటకు పిట్టి త్యాగరాయ చెట్టి పేరు పెట్టారు. నడుమనున్న పార్కుకు పానగల్ రాజా పనగంటి రామరాయణింగారి పేరు పెట్టారు. ఇద్దరూ తెలుగువారే, ఇద్దరూ జస్టిస్ పార్టీ నాయకులే. సర్కారు కొలువుల్లో ఎవరికెంత వాటా అన్నదే ఆ పార్టీ రాజకీయాలకు ప్రాణం. 1921లో ముఖ్యమంత్రి అయిన పానగల్ రాజా హయాంలోనే కులాలవారీ నియామకాల ఉత్తర్వులు వెలువడ్డాయి, 1924లో ఉద్యోగుల ఎంపికకు ఒక బోర్డు ఏర్పడింది. 1929లో దాని స్థానంలో మద్రాసు సర్వీసు కమిషన్ వచ్చింది. చదువుకున్న కుర్రవాడికి ఉద్యోగమంటే గవర్నమెంటు ఉద్యోగమే అన్న భావం ఆ రోజుల్లో గట్టిపడిందంటే ఆశ్చర్యం లేదు.

ఆ కమిషన్ పరీక్ష నెగ్గి, 1947లో గుంటూరు జిల్లాలో సబ్ రిజిస్ట్రారుగా చేరిన పట్టభద్రుడొకరు మూడు వారాలకే ఆ కొలువు వదిలేశారు. ఆయన నందమూరి తారక రామారావు. జీతం నెలకు 190 రూపాయలని చెబుతారు. అప్పటి లెక్కలో అది చిన్న మొత్తం కాదు, పైగా పింఛనుంది. మద్రాసు వచ్చి థామస్ రోడ్డులో చిన్న గది అద్దెకు తీసుకున్నారు. ‘మనదేశం’ 1949లో విడుదలైంది. ఈ కథను సాహసగాథగా చెప్పుకోవడం మనకు అలవాటు. కానీ తర్వాత జరిగినది చూడండి. ‘పాతాళభైరవి’ కాలానికి విజయా సంస్థ ఆయనను నెలజీతం మీదే పెట్టుకుంది. సర్కారు జీతం విడిచినవాడు స్టూడియో జీతంలో కుదురుకున్నాడు.

ఈ పేటనే ఎంచుకోవడానికి కారణాలు మామూలువే. స్టూడియోలు పడమట కోడంబాకం, వడపళని వైపు ఉన్నాయి. మాంబళం స్టేషనులో 1931 నుంచి కరెంటు రైలు ఆగుతుంది. చుట్టూ తెలుగు ఇళ్లున్నాయి. వీటన్నిటినీ మించి, ఎదురుచూడడానికి ఒక పార్కు ఉంది. ఘంటసాల వెంకటేశ్వరరావు విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో చదివిన విద్వాంసులు. 1942 ఉద్యమంలో జైలుకు వెళ్లి వచ్చారు. పెళ్లయ్యాక మద్రాసు చేరి మొదట సముద్రాల రాఘవాచార్యగారి ఇంట ఉన్నారు. ఆ చిన్న ఇంటికి భారం కావడం ఇష్టంలేక, పానగల్ పార్కు వాచ్‌మన్‌కు నెలకు రెండు రూపాయలిచ్చి రాత్రుళ్లు అక్కడే పడుకునేవారని చెబుతారు. ‘స్వర్గసీమ’ (1945)లో భానుమతితో పాడినందుకు 116 రూపాయలు ముట్టాయట. నూట పదహార్లు! అది జీతంలో వచ్చే అంకె కాదు, సంభావనలో వచ్చే అంకె. శాలువా కప్పి తాంబూలంలో పెట్టి ఇచ్చే లెక్క రికార్డింగు థియేటరు దాకా వచ్చిందన్న మాట. ఆ నూట పదహార్లు ఎన్ని నెలలకు సరిపోవాలో ఇచ్చేవారికి పట్టనవసరం లేదు.

పార్కులో పడుకోవడం మగవాడికి మాత్రమే వీలైన పేదరికం. అదే విజయనగరం కళాశాలలో చదివిన పి. సుశీలకు ఆ దారి లేదు. ఆమె ఆకాశవాణి ద్వారా వచ్చారు. సంగీత దర్శకులు పెండ్యాల నాగేశ్వరరావు రేడియో గాయనీగాయకుల నుంచి ఆమెను ఎంపిక చేశారు. ఆమె తొలి తెలుగు చిత్రం ‘కన్నతల్లి’ 1953లో వచ్చింది. ఆపైన ఏ.వి.ఎం. స్టూడియో ఆమెను నెలజీతం మీద తీసుకోవడమే కాక, తమిళ ఉచ్చారణ నేర్పడానికి ఒక ఉపాధ్యాయుణ్ణి కూడా పెట్టింది. భాషాశాస్త్రం చదివినవాళ్లం గనక ఈ సంగతి దగ్గర కాస్త ఆగుతాం. నెలనెలా జీతమిచ్చే యజమానికి గాయని నాలుక మీద పెట్టుబడి పెట్టే కారణం ఉంటుంది. పాటకింత అని లెక్కగట్టి ఇచ్చేవాడికి ఉండదు. ఆమె తమిళ పాటలకు దక్కిన ఆదరణ వెనుక ఆ పాఠాలకూ వాటా ఉంది.

రచయితల విషయం ఇంకా చిక్కు. కథకులుగా అప్పటికే పేరున్న మల్లాది రామకృష్ణశాస్త్రి 1940లలో మద్రాసు వచ్చారు. ఎన్నో పాటలు తన పేరు లేకుండానే రాశారని సినీరంగంలో అందరూ అనుకునేదే. తెరమీద ఆయన పేరు కనబడినది ‘చిన్నకోడలు’ (1952) నుంచి. సాయంత్రాలు పానగల్ పార్కులో చెట్టుకింద కూర్చుంటే కుర్రకారు చుట్టూ చేరేది. ఆ గోష్ఠికి పారితోషికమూ లేదు, జీతమూ లేదు. మద్రాసులో తెలుగు సాహిత్యానికి అంతకు మించిన కళాశాల ఉండి ఉంటుందని మేం అనుకోవడం లేదు. శ్రీశ్రీని సినిమా మింగేసిందని ఇప్పటికీ అంటారు. మాకు ఆ మాట సరికాదనిపిస్తుంది. ‘మహాప్రస్థానం’ పుస్తకంగా 1950లో వచ్చినా అందులోని గేతాలు ఎక్కువగా 1930లలో పుట్టినవి. పత్రికలో, రేడియోలో, సైన్యంలో కొలువులు మారుతూ వచ్చిన మనిషికి ‘ఆహుతి’ (1950) నుంచి డబ్బింగు పాటలు అన్నం పెట్టాయి. పెదవుల కదలికకు మాటలు అతకడం తక్కువ పని అనేవాళ్లు ఒక చరణం రాసి చూడాలి.

కొడవటిగంటి కుటుంబరావుగారిది మరో తీరు. భౌతికశాస్త్రం చదివి, రకరకాల ఉద్యోగాలు చేసి, 1952లో ‘చందమామ’లో చేరారు. 1980లో కన్నుమూసే దాకా అక్కడే ఉన్నారు. సంపాదకుడిగా ఆయన పేరు పడలేదు. కానీ జీతం పడింది. ఆ జీతం అండతో ఆయన బయటి పత్రికలకు కథలు, నవలలు, వ్యాసాలు తనకు తోచినట్టు, ఎవరి పరితోషం కోసమూ చూడకుండా రాశారు. చదువుకూ జీవికకూ పొంతన కుదరకపోవడం ఆయన ‘చదువు’ నవలలోనే ఉంది. పిల్లల పత్రికలో పని ఆయనకు నచ్చిన పనేనా అంటే, రెండో పనిని సాధ్యం చేసిన మొదటి పని అని మా జవాబు.

చిత్తూరు నాగయ్యగారి సంగతి చెప్పకపోతే లెక్క తేలదు. ఒక దశలో దక్షిణాదిన అత్యధిక పారితోషికం అందుకున్న నటుల్లో ఆయనొకరు. జి.ఎన్. చెట్టి రోడ్డులోని వాణీమహల్ ఆయన చొరవతో వచ్చింది. వచ్చినవాళ్లకల్లా అన్నం పెట్టారు, అడిగినవాళ్లకల్లా ఇచ్చారు. 1973లో పోయేనాటికి చేతిలో ఏమీ మిగలలేదు. పానగల్ పార్కులో ఆయన విగ్రహం ఉంది.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక సర్కారు కొలువుల కోసం మద్రాసు రావలసిన అవసరం తెలుగువాడికి తీరింది. సినిమా, పత్రికలు మరికొన్నేళ్లు నిలిచాయి. 1976లో హైదరాబాదులో అన్నపూర్ణ స్టూడియో మొదలైంది. 1980ల నుంచి తెలుగు చిత్ర పరిశ్రమ క్రమంగా అక్కడికి తరలింది. ఆంధ్రపత్రిక 1991లో మూతపడింది. ‘చందమామ’ కూడా 2013 నాటికి ఆగిపోయింది. ఇవాళ టి. నగర్ చీరలకూ నగలకూ పేరు. సినిమా అవకాశాల కోసం ఊళ్లనుంచి వచ్చే తెలుగు కుర్రవాళ్లు ఇప్పుడు హైదరాబాదు కృష్ణానగర్‌లో గది అద్దె పంచుకుంటారు. ‘ఛాన్సు’ అన్న మాట కూడా మద్రాసు నుంచి వాళ్లతో అక్కడికి చేరింది. నెలజీతం ఇచ్చి నాలుక దిద్దే స్టూడియో పద్ధతి మాత్రం ఆ తరలింపుకు ముందే పోయింది.