సవ్వీ, యల్లా, ఖలాస్

ఒమాన్‌లో పనికెళ్లిన తెలుగువాడికి త్వరగా అబ్బే అరబ్బీ మాటల్లో 'సవ్వీ' ఒకటి. చెయ్ అని అర్థం. గ్రాంథిక అరబ్బీలో 'సవ్వా' అంటే చదును చేయడం, సరిచేయడం. గల్ఫ్ మాండలికాల్లో అది 'చేయడం'గా స్థిరపడింది. వలస కూలీల మిశ్రమ అరబ్బీకి వచ్చేసరికి కాలాలూ పురుషలూ రాలిపోయాయి. 'అనా సవ్వీ' అంటే చేశాను, చేస్తున్నాను, చేస్తాను, సందర్భాన్ని బట్టి మూడూ. ఫోన్ చేయడం 'సవ్వీ తెలిఫోన్'. ఈ మిశ్రమ అరబ్బీ మీద జె.ఆర్. స్మార్ట్ 1990లోనే పరిశోధనా వ్యాసం రాశారు.

'సవ్వీ'లో తొందర లేదు, అది పక్కమాటల్లో ఉంటుంది: ముందు 'యల్లా', చివర 'ఖలాస్'. 'యా అల్లా' అనే పిలుపే కుదించుకుపోయి, 'ఊఁ, కానియ్' అనే అదిలింపు అయింది. ఖలాస్ మనకు కొత్త కాదు, ఉర్దూ మీదుగా ఎప్పుడో వచ్చేసింది.

ఇంగ్లిషువాళ్లు ఈ తొందరను క్రియకు చిన్న తోక తగిలించి పలికిస్తారు. 'చర్న్ అవుట్'లో వెన్న చిలికే కవ్వం ఉంది, 'క్రాంక్ అవుట్'లో యంత్రం తిప్పే పిడి. 'డాష్ ఆఫ్' ఉత్తరాలకు, 'విప్ అప్' వంటకు. మన తోక 'వేయు': రాసేయ్, కట్టేయ్, వండేయ్. ఆపైన బరికేయడం, అల్లేయడం, చుట్టబెట్టేయడం. పుంఖానుపుంఖంగా కథనాలు 'వండి వార్చే' వాళ్ల మీద విసురు మాత్రం చర్న్ అవుట్‌లో కన్నా మన మాటలోనే ఘాటు (పక్షపాతమే అనుకోండి).

ఒమానీ హల్వా దగ్గర ఇవేవీ చెల్లవు. దాన్ని గంటల తరబడి పెద్ద రాగిపాత్రలో కలుపుతూనే ఉండాలి.