ఇమ్మొబిలైజర్ (కారు): స్టార్ట్ కాని లోపం

కారు కొన్నాక విడిగా బిగించుకునే ఇమ్మొబిలైజర్ దొంగతనాన్ని అడ్డుకునే పరికరం. బ్రిటన్‌లో 1998 అక్టోబరు నుంచి కొత్త కార్లకు కంపెనీ ఇమ్మొబిలైజర్ తప్పనిసరైంది. అందుకే అక్కడ విడిగా బిగించినవి ఎక్కువగా అంతకు ముందరి కార్లలో కనిపిస్తాయి. స్టార్టర్, ఇగ్నిషన్, ఫ్యూయల్ పంపు వైర్లలో సాధారణంగా రెండింటిని కత్తిరించి మధ్యలో రిలేలు పెడతారు. రిమోట్‌నో టచ్ కీనో గుర్తించాకే అవి కలుస్తాయి.

ముందుగా బ్యాటరీ చూడాలి. పూర్తి చార్జితో, ఇంజన్ ఆగి ఉన్నప్పుడు సుమారు 12.6 వోల్టులు ఉండాలి. ఆ తర్వాత రిమోట్‌లోని సెల్. ఇగ్నిషన్ వేసినా డాష్‌బోర్డు మీది చిన్న లైటు మిణుకుతూనే ఉంటే, కీని పరికరం గుర్తించనట్టే. లైటు ఆరినా సెల్ఫ్ తిరగకపోతే స్టార్టర్ వైరును అనుమానించాలి. సెల్ఫ్ తిరిగి ఇంజన్ అందుకోకపోతే మిగతా రెండింటిని చూడాలి. రిలేకు ఒకవైపు 12 వోల్టులు వచ్చి, రెండోవైపు రాకపోతే లోపం దొరికినట్టే.

పాత బిగింపుల్లో అతుకులను తప్పక విప్పి చూడాలి. టంకం లేకుండా మెలిపెట్టి టేపు చుట్టిన చోట రాగి పచ్చగా చిలుముపట్టి, కరెంటు వస్తూ పోతూ ఉంటుంది. దొంగకు అంతుచిక్కకూడదని వైర్లన్నీ నల్లవే వాడడం వల్ల మెకానిక్‌కూ వెతుకులాట తప్పదు. పరికరాన్ని తీసేస్తే అసలు వైర్లను టంకంతో కలపాలి. బీమా కంపెనీకి చెప్పాలి.