పెద్దల డైపర్లు

మూత్రం ఆపుకోలేనివారు తొడుక్కునే, ఒకసారి వాడి పారేసే లోదుస్తులు. నల్లగొండ జిల్లాలో వీటి అవసరం ముసలితనంతోనే రాదు. మర్రిగూడ ప్రాంతంలో ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగినవారిలో కొందరికి వెన్నెముక గట్టిపడి వెన్నుపామును నొక్కుతుంది. కాళ్లతోపాటు మూత్రాశయమూ పట్టు తప్పుతుంది.

లోపలి సోడియం పాలీఅక్రిలేట్ పొడి తన బరువుకు కొన్ని వందల రెట్లు మంచినీళ్లు పీల్చుకుంటుంది. మూత్రంలోని లవణాలకు ఆ శక్తి బాగా పడిపోతుంది. ఐఎస్ఓ 11948-1 (1996) పరీక్షలో డైపరును ద్రవంలో పూర్తిగా ముంచి, ఎంత పట్టిందో తూస్తారు. ఒంటిమీద అది అంతకు చాలా ముందే కారుతుంది. అందుకే ప్యాకెట్ మీది మిల్లీలీటర్ల కన్నా తొడల దగ్గర అంచు ఒదగడమే ముఖ్యం.

నడవగలిగినవారికి ప్యాంటు రకం నయం. మంచం పట్టినవారికి పక్కల అతికించే రకమే మేలు. మనిషిని లేపకుండా ఒత్తిగిలించి మార్చవచ్చు. మహబూబ్‌నగర్ ఎండల్లో ప్లాస్టిక్ పొరకు తొడలు ఒరుసుకుపోయి పొక్కుతాయి, గాలాడే గుడ్డలాంటి పొర కొంత హాయి. ఎంత పీల్చే రకమైనా మలం అంటితే వెంటనే మార్చాలి. తడుస్తుందని పెద్దవాళ్లకు నీళ్లు తగ్గించడం మాత్రం చాలా ప్రమాదం, వేసవిలో మరీను. వాడినవాటిని చుట్టి పొడి చెత్త డబ్బాలో వేయాలని 2016 ఘన వ్యర్థాల నిబంధనలు చెప్పాయి.